ఆ చేతులను ఎవరు గుర్తుపట్టుదురు?

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 15వ అధ్యాయము; యోహాను సువార్త 20వ అధ్యాయము



సూరత్ మహానగరమునకు నైరుతి దిక్కున ఆల్థాన్ అను పేట యున్నది. ఒకప్పుడది పొలముల నడుమ నుండిన పల్లె. నగరము పెరుగుచు పెరుగుచు దానిని తనలో కలుపుకొనినది. నేడచ్చట ఎత్తైన మేడలు, విశాలమైన వీధులు కనబడును. ఆ మేడలలో ఇంటిపనులు చేయువారిలోను, దాపుననున్న ఉధ్నా ప్రాంతపు మరమగ్గముల యొద్ద శ్రమపడువారిలోను మన తెలుగువారు గలరు. సిరిసిల్ల, కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి తరతరములుగా వారు పొట్ట చేతబట్టుకొని తాపీ నది యొడ్డునకు వచ్చుచున్నారు.

ఒక ఈస్టరు పండుగకు ముందటి శనివారము సాయంకాలమున, ఆల్థానులో ఒక సహోదరుని యింట జరిగిన తెలుగు ప్రార్థన కూటములో వాక్యము చెప్పుటకు నేను వెళ్లితిని. చిన్న గది. ఇరువదిమంది కంటె ఎక్కువ పట్టరు. ప్రభువు సమాధిలో నుండిన ఆ విశ్రాంతి దినమును గూర్చి నేను మాటలాడితిని. కూటము ముగిసిన తరువాత, గోడవారగా కూర్చుండిన ఒక సహోదరి నా యొద్దకు వచ్చెను. ఆమె భర్త ఇరువది సంవత్సరములు మగ్గముల యొద్ద పని చేసినవాడు. కొన్ని నెలల క్రిందట జ్వరపడి మరణించెను. దేహమును స్వగ్రామమునకు కొనిపోవుటకు చేతిలో డబ్బు లేకపోయెను. సంఘస్థులు తలకొంత వేసికొని, సూరత్‌లోని సమాధుల తోటలోనే అతనిని పాతిపెట్టిరి.

ఆమె నన్ను ఇట్లడిగెను: "అయ్యగారూ, మా అత్తమామలు మానేరు ఒడ్డున మా ఊర్లనే ఉన్నరు. మా మనుషులందరు అక్కడనే పండుకున్నరు. ఆయన ఒక్కడే ఇక్కడ, మన భాష రాని మనుషుల నడుమ. ప్రభువు వచ్చిన దినాన మా ఆయనను ఎవరు గుర్తుపడతరు?"

బోధకులకు జవాబులు తొందరగా వచ్చును. నాకును వచ్చెను. "అమ్మా, దేహము మన్ను. మన్ను మన్నులో కలిసినది. ఆయన ఆత్మ ప్రభువు సన్నిధిని క్షేమముగా నున్నది. దేహము ఎచ్చట నున్నను ఒకటే. దానిని గూర్చి చింతపడకమ్మా" అంటిని.

ఆమె నా ముఖము వంక చూచి, "మన్నేనా, అయ్యగారూ? ఇరవై ఏండ్లు మమ్ముల సాకినవి ఆ చేతులే కదా!" అనెను. మరేమియు అనక, తన బిడ్డను ఎత్తుకొని వెళ్లిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దీపము వెలిగించి, మొదటి కొరింథీ పత్రిక పదునైదవ అధ్యాయము తెరచితిని. ఎన్నిమారులో ప్రసంగించిన అధ్యాయమే. అయినను ఆ రాత్రి అది నన్నే గద్దించుచున్నట్లు తోచెను. నేను ఆ సహోదరికి చెప్పిన జవాబు పౌలు చెప్పిన జవాబు కాదు. అది పౌలు ఎదిరించిన కొరింథీయుల మాటకే దగ్గరగా నున్నది. ఆ రాత్రి ప్రభువు నాకు నేర్పిన దానినే మీతో పంచుకొనగోరుచున్నాను.

కొరింథు సంఘములోని సందేహము

కొరింథు రెండు రేవుల నడుమ నున్న వర్తక పట్టణము. సూరత్ వలెనే నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిన ఊరు. దానిలోని సంఘమునకు పౌలు సుమారు క్రీ.శ. 55వ సంవత్సర ప్రాంతమున ఎఫెసునుండి ఈ పత్రిక వ్రాసెను. ఆ సంఘములో కొందరు మృతుల పునరుత్థానము లేదనుచుండిరి. వారు క్రీస్తును విడిచినవారు కారు. ఆరాధనకు వచ్చుచుండిరి, ప్రభువు బల్లలో పాలు పొందుచుండిరి. క్రీస్తు లేచెనని విని విశ్వసించినవారే. అయితే గ్రీకుల నడుమ పెరిగిన వారికి దేహము మరల లేచుననుట వెగటుగా నుండి యుండవచ్చును. దేహమనగా ఆత్మకు చెరసాల, మరణమనగా ఆ చెరనుండి విడుదల అని ఆ దేశపు జ్ఞానులు అనేకులు బోధించుచుండిరి. ఏథెన్సులో పౌలు మృతుల పునరుత్థానమను మాట పలికిన వెంటనే కొందరు అపహాస్యము చేసిరని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తెలుపుచున్నది.

ఇట్టివారికి పౌలు ఏమి చెప్పెను? "మీ ఆత్మలు క్షేమముగా నుండును గదా, చాలును" అని సర్దిచెప్పలేదు. మృతులు లేవరన్నయెడల క్రీస్తు కూడ లేవలేదనియే అర్థమని తేల్చి చెప్పెను. క్రీస్తు లేవనియెడల ఏమేమి కూలిపోవునో ఒక్కొక్కటిగా లెక్కించెను. బోధకుని బోధ వట్టిది. వినినవాని విశ్వాసము వట్టిది. అపొస్తలులు దేవుని పేరట అబద్ధ సాక్ష్యము పలికినవారగుదురు. మనము ఇంకను మన పాపములలోనే యున్నాము. క్రీస్తునందు కన్నుమూసినవారు నశించిరి. ఈ జీవితము మట్టుకే క్రీస్తును నిరీక్షించినవారమైతే మనకంటె జాలిపడదగినవారు లోకములో లేరు.

ప్రియులారా, దీనిని గమనింపుడి. పునరుత్థానము మన విశ్వాసమను ఇంటికి చేర్చిన పై అంతస్తు కాదు. అది పునాది. దానిని తొలగించినయెడల సిలువ కూడ నిలువదు. సిలువ మీద మన పాపభారము మోయబడెనని మనకెట్లు తెలియును? మోసినవానిని తండ్రి లేపెను గనుకనే తెలియును. అప్పు తీరినదనుటకు చెరసాల తలుపు తెరువబడుటయే సాక్ష్యము. యేసు సమాధిలోనే యుండినయెడల, ఆయన సిలువ లోకము చేసిన అన్యాయములలో మరియొక అన్యాయముగా మాత్రమే నిలిచియుండును.

ఆ అధ్యాయపు ఆరంభములో పౌలు సాక్షుల పట్టిక నిచ్చుచున్నాడు. కేఫా, పన్నిద్దరు, ఒక్కమారే ఐదు వందలకు మించిన సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, కడపట తాను. ఆ ఐదు వందలమందిలో ఎక్కువమంది తాను వ్రాయునాటికి సజీవులై యున్నారని కూడ చెప్పుచున్నాడు. అనగా, సందేహించువారు వెళ్లి వారిని అడుగవచ్చును. కట్టుకథ చెప్పువాడు సాక్షుల చిరునామా ఇయ్యడు.

పునర్జన్మ కాదు, పునరుత్థానము

మన తెలుగు భాషలో ఈ సత్యమునకు పునరుత్థానమను మాట వాడబడుచున్నది. ఉత్థానమనగా లేచుట. పడినవాడే లేచుట, నిద్రించినవాడే మేల్కొనుట. మన పొరుగువారు అనేకులు పునర్జన్మను నమ్ముదురు. వారి నమ్మకమును మనము హేళన చేయరాదు. మరణముతో సమస్తము ముగియదనియు, మనిషి చేసిన క్రియలకు లెక్క గలదనియు వారును ఎరుగుదురు. అయితే ఈ రెండు మాటలకు నడుమనున్న భేదము ఆ సహోదరి ప్రశ్నలోనే స్పష్టముగా కనబడుచున్నది. ఆమె భర్త మరియొక దేహములో, మరియొక తల్లికి బిడ్డగా, మరియొక పేరుతో జన్మించునని చెప్పినయెడల ఆమెకేమి ఓదార్పు? అప్పుడతడు ఆమెను ఎరుగడు, ఆమె అతనిని ఎరుగదు. పునరుత్థానమైతే అతడే అతడుగా లేచుననుచున్నది.

అట్లే పునరుత్థానము కేవలము ఆత్మ యొక్క అమరత్వము కూడ కాదు. నేను ఆ సాయంకాలమున చెప్పినది అదియే. అది అబద్ధము కాదు. క్రీస్తునందు మృతులైనవారు ప్రభువుతో నున్నారనుట నిజమే. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో ఆ నిశ్చయతను తెలుపుచున్నాడు. కాని అది సగము మాత్రమే. సగము సత్యమును పూర్తి సత్యముగా చెప్పినయెడల దుఃఖములో నున్నవారి చేతికి రొట్టెకు బదులు రాయి ఇచ్చినట్లగును.

దేవుడు ఆదియందు మంటితో నరుని నిర్మించి అది మంచిదని చూచెను. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను. ఆ ప్రభువు కుష్ఠరోగిని ముట్టెను, శిష్యుల పాదములు కడిగెను, సముద్రతీరమున చేపలు కాల్చి పెట్టెను. మనలను రక్షించుటకు దేహము ధరించిన దేవుడు, రక్షణ ముగిసిన తరువాత దేహమును పాత గుడ్డవలె పారవేయునా?

సూరత్ నగరపు గోరీలు

గుర్తింపబడవలెనను కోరిక ఆ పేద సహోదరికి మాత్రమే కలిగినది కాదు. సూరత్ నగరములోనే దానికి గొప్ప సాక్ష్యము గలదు. 17వ శతాబ్దమున ఇంగ్లీషువారును, డచ్చివారును అచ్చట వర్తకము చేసిరి. వారి పాత సమాధి స్థలములు కతార్‌గామ్ దిక్కున నేటికిని ఉన్నవి. 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెన్, 1669లో మరణించిన అతని సోదరుడు సర్ జార్జి ఆక్సెండెన్ అనువారికి రెండంతస్తుల గోరీ కట్టబడెను. జార్జి ఇంగ్లీషు కంపెనీకి సూరత్‌లో అధ్యక్షుడుగా నుండినవాడు. స్తంభములు, గుమ్మటములు గల ఆ కట్టడము నవాబుల సమాధివలె కనబడును. డచ్చివారు దానిని మించవలెనని 1691లో మరణించిన తమ అధికారి హెన్‌డ్రిక్ వాన్ రీడ్‌కు అంతకంటె ఘనమైన గోరీ కట్టించిరని చెప్పుదురు. మలబారు దేశపు చెట్టుచేమలను గూర్చి పన్నెండు సంపుటముల మహాగ్రంథమును సిద్ధపరపించినవాడు ఈ వాన్ రీడే.

ఈ మనుష్యులు తమ కాలమున గొప్పవారు. వారి జనులు వారిని మరువకూడదని రాళ్లు పేర్చిరి. కాని నేడు ఆ వీధిని పోవువారిలో ఎందరు వారి పేరులు ఎరుగుదురు? రాయి మిగిలినది, గుర్తింపు పోయినది. ఆ గోరీలకు కొంత దూరమున, ఒక మంటి దిబ్బ మీద కర్రతో చేసిన సిలువ గలదు. వర్షములు పడినయెడల ఆ సిలువ కూడ నిలువదు. మనుష్యుల జ్ఞాపకము మీద ఆధారపడినయెడల అధ్యక్షునికిని, నేతపనివానికిని గతి ఒక్కటే. ఒకనికి మూడు వందల యేండ్లు, మరియొకనికి మూడు వర్షాకాలములు. అంతే భేదము.

అయితే లోకములో ఒక సమాధి గలదు. అది అరిమతయియ యోసేపుది, అరువు సమాధి. యెరూషలేములో తన వారిదన్న సమాధి లేని గలిలయవాడైన యేసును పరాయివాని తోటలో ఉంచిరి. ఆయనయు స్వగ్రామమునకు దూరముగానే పాతిపెట్టబడెను. ఆ సమాధి దానిమీది కట్టడమును బట్టి కాదు, దానిలో ఎవరును లేకపోవుటను బట్టియే ప్రసిద్ధికెక్కెను.

పేరు పెట్టి పిలిచినవాడు

ఇప్పుడు యోహాను సువార్త ఇరువదవ అధ్యాయమునకు రండి. సహోదరి అడిగిన ప్రశ్న ఎవరు గుర్తుపట్టుదురు అనునది. ఈ అధ్యాయమంతయు గుర్తుపట్టుటను గూర్చినదే.

మగ్దలేనే మరియ సమాధియొద్ద ఏడ్చుచు నిలిచెను. ఆమె అడిగినది కూడ దేహమును గూర్చియే. ఎచ్చట ఉంచితివో చెప్పుము, నేను ఎత్తికొని పోదును అనుచున్నది. ప్రభువు ఆమెను, దేహముతో నీకేమి పని అని గద్దింపలేదు. ఆమె ఆయనను గుర్తుపట్టక తోటమాలి అనుకొనెను. ఆయనయే ముందుగా ఆమెను గుర్తుపట్టెను, పేరు పెట్టి పిలిచెను. ఆ ఒక్క పిలుపుతో ఆమె కన్నులు తెరువబడెను. ప్రియులారా, పునరుత్థాన దినమున మొదట గుర్తుపట్టువాడు ప్రభువే. మనము ఒకరినొకరము గుర్తుపట్టుట దాని తరువాత వచ్చును.

పిమ్మట తోమా వచ్చెను. లేచిన ప్రభువు అతనికి ఏమి చూపెను? మహిమ కిరీటమును చూపలేదు, చేతులను చూపెను. మేకుల గురుతులు గల చేతులు. మరణమును జయించిన దేహములో ఆ గాయములు ఎందుకు మిగిలినవి? దేవునికి వాటిని మాన్పుట చేతకాకనా? కాదు. ప్రేమ నిమిత్తము పడిన శ్రమ యొక్క గురుతు నిత్యత్వములో తుడిచివేయబడదని చూపుటకే అని నేను నమ్ముచున్నాను. ఆ గాయములు ఇక నొప్పించవు. కాని అవి యున్నవి. వాటిని బట్టియే తోమా ఆయనను తన ప్రభువని, తన దేవుడని ఒప్పుకొనెను.

ఇరువది యేండ్లు దారము త్రిప్పి కాయలు కాచిన చేతులను గూర్చి ఇక చెప్పవలసినదేమి? భార్యాబిడ్డలను సాకిన చేతులను, మేకుల గురుతులు గల చేతులవాడు మరచునా?

విత్తబడినది, ధరించుకొనునది

చనిపోయినవారు ఎట్టి దేహముతో వత్తురని అడిగినవారికి పౌలు రెండు పోలికలు చెప్పెను. ఒకటి రైతుది, మరియొకటి వస్త్రముది. మన తెలుగువారికి ఈ రెండును సొంత విషయములే.

రైతు గింజను భూమిలో పారవేయడు, విత్తును. పారవేయుటకును విత్తుటకును భేదము చేతిలో లేదు, నిరీక్షణలో నున్నది. భూమిలో పడిన జొన్న గింజ రూపు మాసిపోవును. కాని మొలచునది జొన్నయే, మరియొకటి కాదు. అయినను మొలచినది పడిన గింజవలె నుండదు. ఆకు వేయును, వెన్ను పెట్టును, వందల గింజలనిచ్చును. అట్లే మన దేహము బలహీనతలో విత్తబడి బలముతో లేచును. మనిషి అతడే, మహిమ క్రొత్తది. జ్వరము, అలసట, దగ్గు, మరణము ఇక దాని నంటవు.

దేహము కాలిపోయినను, నీటిలో కొట్టుకొనిపోయినను, పరదేశపు మంటిలో కలిసినను దేవునికి అడ్డేమి? శూన్యములోనుండి లోకమును పిలిచినవానికి ఒక మనిషిని మరల పిలుచుట కష్టమా? మానేరు ఒడ్డున నున్న మన్నును, తాపీ యొడ్డున నున్న మన్నును ఆయన చేసినవే.

రెండవది వస్త్రము. క్షయమైన ఈ దేహము అక్షయతను ధరించుకొనవలెనని పౌలు చెప్పుచున్నాడు. రెండవ కొరింథీ పత్రిక ఐదవ అధ్యాయములో ఇంకను వివరించుచు, మనము కోరునది వస్త్రహీనులమగుట కాదు, పైగా ధరించుకొనుట అనుచున్నాడు. లోకమునకు బట్టలు నేసి ఇచ్చి తాను చినిగిన చొక్కాతో తిరిగిన నేతపనివాని కంటె ఈ మాట ఎవరికి మధురముగా నుండును? డేరాలు కుట్టి బ్రదికిన పౌలు చేతులకు కూడ గుడ్డ యనగా ఏమిటో తెలియును.

ఈ దేహములను గూర్చిన బాధ్యత

"కడవరి దినమున లేచుదుము గదా, అంతవరకు ఏమైనను కానిమ్ము" అని కొందరు తలంతురు. ఇది పునరుత్థాన విశ్వాసము కాదు. దేవుడు ఏ దేహమును లేపనైయున్నాడో ఆ దేహమును మనము నేడు ఆకలికి, రోగమునకు విడిచిపెట్టవచ్చునా?

మన తెలుగు సంఘముల చరిత్రలో దీనికి గొప్ప ఉదాహరణ గలదు. 1876 మొదలుకొని 1878 వరకు దక్షిణ దేశమున ఘోరమైన కరవు వచ్చెను. ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. వారిలో అనేకులు అట్టడుగున త్రొక్కబడిన మాదిగ, మాల కులములవారు. అన్నము కొరకు మతములో చేరిరన్న మాట రాకూడదని, కరవు సహాయము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు నిలిపివేసిరి. మొదట దేహములు బ్రదుకవలెను, పిమ్మట వారు స్వేచ్ఛగా ప్రభువును ఒప్పుకొనవలెను. ఆ తరువాత 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి యొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి.

రోమీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయము ప్రకారము బాప్తిస్మమనగా క్రీస్తుతో కూడ పాతిపెట్టబడి, ఆయనతో కూడ క్రొత్త జీవమునకు లేచుట. అంతకుముందే ఆకలిచేత మరణపు అంచున నిలిచిన దేహములు, ఊరికి వెలియని ఎంచబడిన దేహములు, ఆ దినమున నీటిలో మునిగి లేచినవి. "నీ దేహము అంటరానిది" అని లోకము శతాబ్దములుగా చెప్పినవారితో, "నీ దేహము లేపబడును" అని సువార్త చెప్పెను. దేవుడు లేపనైయున్న దేహమును అంటరానిదనుటకు ఎవనికి అధికారము గలదు? నేడును మన సంఘములలో కులమునుబట్టి ఒకరినొకరము దూరముంచుకొనుచున్నయెడల, మనము ఈస్టరు పాటలు పాడుచు పునరుత్థానమును కాదనుచున్నాము.

మరియొక సంగతి. 1994 సెప్టెంబరులో సూరత్ నగరమున ప్లేగు వ్యాపించెనను వార్తతో లక్షలాది జనులు కొన్ని దినములలోనే ఊరు విడిచి పారిపోయిరి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయపు నీరు తాపీలో వరదగా వచ్చి నగరములో అధిక భాగమును ముంచెను. అట్టి వేళలలో ప్రాణభయము సహజము. దానిని నిందింపరాదు. కాని మూడవ శతాబ్దపు మధ్యభాగమున కార్తేజు పట్టణములో తెగులు వ్యాపించి జనులు తమ రోగులను వీధులలో విడిచినప్పుడు, అచ్చటి అధ్యక్షుడైన సిప్రియను విశ్వాసులను పురికొల్పి, తమను హింసించినవారికి సహితము పరిచర్య చేయుటకు పంపెను. వారు మరణమును ప్రేమించినవారు కారు. మరణమునకు దాసులు కానివారు. మరణభయముచేత జీవితకాలమంతయు దాసత్వములో నున్నవారిని విడిపించుటకే క్రీస్తు మన రక్తమాంసములలో పాలివాడాయెనని హెబ్రీ పత్రిక రెండవ అధ్యాయము బోధించుచున్నది.

తెల్లవారుజామున

తెల్లవారకముందే సంఘమంతయు సమాధుల తోటకు వెళ్లితిమి. మన తెలుగు సంఘములలో అనేక చోట్ల ఈస్టరు ఉదయమున చేయునట్లే, వారు సమాధులను ఊడ్చి, పువ్వులు పెట్టి, క్రొవ్వొత్తులు వెలిగించిరి. ఆ సహోదరియు తన బిడ్డతో వచ్చి ఆ మంటి దిబ్బ యొద్ద నిలిచెను.

నేను ఆమె యొద్దకు వెళ్లి, "అమ్మా, నిన్న నేను చెప్పినది సగమే. నన్ను క్షమింపుము. ఆ చేతులు వట్టి మన్ను కావు. ప్రభువు వాటిని ఎరుగును. వాటిని ఆయన లేపును" అంటిని.

ఆమె ఏమియు పలుకలేదు. ప్రక్కననున్న ఒక వృద్ధుడు, తన జీవితమంతయు మగ్గము మీదనే గడపినవాడు, మెల్లగా ఇట్లనెను: "చెల్లే, పడుగుల వేల పోగులుంటయి. ఒక్క పోగు తెగితే మగ్గం ఆపి, వెదికి, పట్టుకొని ముడి వేస్తం. వదిలేస్తే బట్ట చెడిపోతది. మనమే ఒక్క పోగును వదలం. ఆయన వదులుతడా?"

నేను రాత్రియంతయు చదివి గ్రహించినదానిని ఆయన మూడు మాటలలో చెప్పెను. సహోదరి ఏడ్చెను. మేము ఆమెను ఊరకుండుమని చెప్పలేదు. లాజరును లేపబోవుచున్నానని ఎరిగియు ప్రభువు అతని సమాధియొద్ద కన్నీరు విడిచెను గదా. నిరీక్షణ గలవారును ఏడ్తురు. వారి ఏడుపుకు అంతము గలదు, అంతే భేదము.

చదువరులారా, ఆ గొప్ప అధ్యాయము ఎట్లు ముగియుచున్నదో చూచితిరా? కడబూర ధ్వనిని గూర్చి, మరణముపై జయమును గూర్చి చెప్పిన పిమ్మట పౌలు ఆకాశము వంక చూచుచు నిలువుమని చెప్పలేదు. స్థిరులై ప్రభువు పనిలో అధికముగా శ్రమపడుడి, మీ శ్రమ వ్యర్థము కాదని చెప్పి ముగించెను. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు, విధవరాండ్రు ఆమె తమకొరకు కుట్టిన వస్త్రములను పేతురునకు చూపి ఏడ్చిరి. ఆ చేతిపని దేవుని యెదుట ఆమెను గూర్చి సాక్ష్యమిచ్చెను. మీరు ఆల్థానులో నుండినను, ముంబయిలో నుండినను, గల్ఫు దేశములలో నుండినను, ఎవరి బట్టలు ఉదికినను, ఎవరి యిండ్లు కట్టినను, ప్రేమతో మీరు చేసిన ఏ పనియు మంటిలో కలిసి పోదు.

కనుక ఈ సంవత్సరము మీలో ఎవరైనను ప్రియులను దూరదేశపు మంటిలో విడిచివచ్చినయెడల, ధైర్యము తెచ్చుకొనుడి. మీరు వారిని పారవేయలేదు, విత్తితిరి. మీ చెంత బ్రదికియున్న వారి చేతులను నేడే పట్టుకొనుడి. వృద్ధుల చేతులను, కూలివారి చేతులను, రోగుల చేతులను ఘనపరచుడి. అవి దేవుడు లేపనైయున్న చేతులు.

ప్రార్థన: మృతులలోనుండి లేచిన మా ప్రభువా, మేము మరచిన పేరులను నీవు ఎరుగుదువు. గుర్తులేని సమాధులలో నిద్రించుచున్న నీ పిల్లలను నీ చేతికి అప్పగించుచున్నాము. దుఃఖించువారికి సగము మాటలు చెప్పిన మమ్మును క్షమింపుము. మా పొరుగువారి దేహములను నీవు చూచునట్లు చూచుటకు మా కన్నులు తెరువుము. నీవు వచ్చి మమ్మును పేరు పెట్టి పిలుచు దినమువరకు, మా చేతుల పనిలో మమ్మును నమ్మకముగా నిలువబెట్టుము. ఆమేన్.